రక్తం మీద నేరం మోపవచ్చా?

ఏజెన్సీ బడుల్లో పనిచేసే మేము ఒక మాట చాలాసార్లు విన్నాం: "మీవాళ్లకు ఈ జబ్బు రక్తంలోనే ఉంది." సికిల్ సెల్ ఉన్న పిల్లవాడు ఒళ్లు నొప్పులతో మెలికలు తిరుగుతున్నప్పుడూ ఇదే మాట. అందులో నిజం లేకపోలేదు. సికిల్ సెల్ తల్లిదండ్రుల నుంచి వచ్చేదే. కానీ ఆ మాట అన్నాక ఇక ఎవరూ ఏమీ చేయనక్కర్లేదన్నట్టు అందరూ ఊరుకుంటారు. మా బాధ అక్కడే.

ఇలాంటి మాటే అమెరికాలోని నల్లజాతీయులూ వింటూ వచ్చారు. వాళ్ల సంగతి తెలుసుకుంటే మన సంగతి తేటపడుతుంది.

మగవాళ్లకు మూత్రాశయం కింద ప్రోస్టేట్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. దానికి వచ్చే క్యాన్సర్ అక్కడ తెల్లవారికంటే నల్లవారికి ఒకటిన్నర రెట్లకు పైగా వస్తోంది. ఆ జబ్బుతో చనిపోవడం మాత్రం దాదాపు రెండు రెట్లు. జబ్బు ఎక్కువగా రావడంలో వంశపారంపర్య లక్షణాలకు కొంత పాత్ర ఉందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మరి వచ్చిన జబ్బు నుంచి బతికి బయటపడకపోవడం కూడా రక్తం చేసిన పనేనా?

2019లో మూడు లక్షలకు పైగా రోగుల వివరాలతో ఒక పరిశోధన వెలువడింది. మాజీ సైనికులకు ప్రభుత్వమే వైద్యం చేసే ఆసుపత్రుల్లోనూ, అందరికీ ఒకే పద్ధతిలో చికిత్స చేసిన ప్రయోగాల్లోనూ వయసు, జబ్బు ముదిరిన స్థాయి వంటివి లెక్కలోకి తీసుకొని చూస్తే, ఈ క్యాన్సర్‌తో చనిపోవడంలో నల్లవారు తెల్లవారికంటే వెనకబడి లేరు. వైద్యం సమానంగా అందిన చోట రక్తం అడ్డం రాలేదన్నమాట.

"వాళ్లే ఆలస్యంగా వస్తారు, డాక్టర్లను నమ్మరు" అని ఇంకో మాట ఉంది. ఎందుకు నమ్మాలి? అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ సోకిన దాదాపు 400 మంది నల్లజాతి మగవాళ్లకు వైద్యం చేస్తున్నట్టు నమ్మించి, ఆ జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. చేసింది ప్రభుత్వ ఆరోగ్య శాఖే. నమ్మకం పోగొట్టినవాళ్లే నమ్మలేదని నిందించడం న్యాయమా?

అలాగని మన వంతు ఏమీ లేదని మేము అనడం లేదు. మూత్రం సంగతి నలుగురిలో చెప్పడానికి మన పెద్దలు సిగ్గుపడతారు. ఈ క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి కూడా పెట్టదు. అందుకే అక్కడి నల్లజాతి మగవాళ్లు 45 ఏళ్లకే పరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడాలని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చెబుతోంది. సిగ్గు విడవడం మన బాధ్యత. అయితే గూడెం నుంచి ఆసుపత్రికి దారి, అక్కడ డాక్టరు, మన మాట ఓపికగా వినే మనిషి, ఇవి ఉండేలా చూడటం మన ఒక్కరి బాధ్యత కాదు. రెండు బాధ్యతలనూ కలిపేసి బరువంతా రోగి మీద పెట్టడమే అన్యాయం.

ఉపాధ్యాయ మిత్రులారా, యువతీ యువకులారా, ఇకమీద ఎవరైనా "మీ రక్తం అంతే" అంటే తల దించుకోవద్దు. కోపంతో లేచిపోనూ వద్దు. నిదానంగా ఒక్క ప్రశ్న అడగండి: "ఇదే జబ్బుకు మిగతావాళ్లకు అందిన వైద్యమంతా మాకూ అందిందా?" అందిందని తేలేదాకా రక్తం మీద నేరం మోపే హక్కు ఎవరికీ లేదు.