రెండు మూరల నేల

వేదభాగము: 1 రాజులు 21:1–16, 2 రాజులు 9:21–26

పరిశుద్ధ గ్రంథములో తోటలు పెక్కు కలవు. ఏదెను తోటను గూర్చియు, గెత్సేమనే తోటను గూర్చియు, ప్రభువు దేహము నుంచిన సమాధియున్న తోటను గూర్చియు మనము ప్రసంగములు వినియున్నాము. కూరతోటను గూర్చి మాత్రము అంతగా వినలేదు. రాజైన అహాబు తన నగరును ఆనుకొనియున్న నాబోతు ద్రాక్షతోటను అడిగినది కూరతోట వేసికొనుటకే. కూరగాయల కొరకు ఒక మనుష్యుడు రాళ్లతో కొట్టబడి చచ్చెను. ఆదివారపు బడిలో ఈ కథ చెప్పునప్పుడు పిల్లలు నవ్వుదురు. రాజుగారికి బచ్చలికూర కరవైనదా అని అడుగుదురు. పెరడు గల పెద్దవారమైన మనకు మాత్రము నవ్వు రాకూడదు. ఆ రాజునకు కలిగిన కోరిక ఎటువంటిదో మనకు బాగుగా తెలియును.

మన ఊళ్లలో పెరడు ఇంటికి సగము బలము. రోహిణి ఎండలకు నేల పగిలి, మృగశిర కార్తెలో, అనగా జూన్ మొదటి వారము దాటగానే, తొలి చినుకు పడినప్పుడు ఇల్లాలు దాచియుంచిన ఆనప, బీర, కాకర గింజలను బయటకు తీయును. దొండకు విత్తనము అక్కరలేదు, తీగ ముక్క నాటిన చాలును. మునగ కొమ్మ పాతిన బ్రతుకును. తోటకూర చల్లిన నెలలోపల కూరకు వచ్చును. బియ్యము కడిగిన నీళ్లు కరివేపకు, అంట్లు తోమిన నీళ్లు అరటికి, పొయ్యిలోని బూడిద పేనుబంక పట్టిన చిక్కుడుకు. ఏదియు వ్యర్థము కాదు. చేతిలో పైసా లేని దినమున కూడ పెరటిలోనికి వెళ్లిన స్త్రీ వట్టి చేతులతో తిరిగి రాదు. చలిదేశములలోవలె మంచు మన పాదులను చంపదు. ఏడాది పొడుగునను ఏదో ఒకటి కాయుచునే యుండును. దీనికొరకు మనము దేవుని స్తుతించుట అరుదు.

అయితే పెరటిలో పెరుగునది ఏదియు హద్దు నెరుగదు. కరివేప వేళ్లు దడి క్రిందుగా పోయి అవతల పిలక వేయును. బచ్చలి పండ్లను పిట్టలు తిని ఎక్కడ రెట్ట వేసిన అక్కడ మొలచును. అరటియైతే నడచునని చెప్పవచ్చును: గెల కోసిన తల్లిని నరుకుదుము, ప్రక్క పిలక తల్లియగును, దాని ప్రక్కన మరియొకటి లేచును, పదేండ్లకు ఆ పొద నాటిన చోట ఉండదు. ఇందులో చెట్ల తప్పేమియు లేదు. దడి కూడ నడచునని మాత్రము మేము చాలకాలము ఎరుగము.

అది ఎట్లు నడచునో చెప్పుదుము. మా పెరటికి పడమట తాటాకు దడి. రెండేండ్ల కొకసారి రోహిణి కార్తెలో దానిని తిరిగి కట్టింతుము. అప్పటికి సరుగుడు గుంజల మొదళ్లను చెదలు తిని, మోళ్లు నేలలోనే నిలిచియుండును. ఎండకు రాయివలె గట్టిపడిన నేలనుండి ఆ మోళ్లను పెకలించుట కష్టము. కాబట్టి దడి కట్టు మనిషి వాటిని అట్లే విడిచి, వెలుపలి వైపున క్రొత్త గుంతలు తీయును. లోపలి వైపున తీయవచ్చును గదా అందురేమో. లోపల మా పాదులున్నవి. వేళ్లు తెగునని మేమే వలదందుము. ప్రతిసారి నాలుగు వ్రేళ్ల వెడల్పు. నాలుగు వ్రేళ్లను ఎవరు లెక్కింతురు? 24 ఏండ్లలో 12 సారులు దడి కట్టించితిమి. మొత్తము 48 వ్రేళ్లు, అనగా సరిగా రెండు మూరలు.

ఈ లెక్క మేము కోరి వేసినది కాదు. మొన్నటి వేసవిలో అరటి పొద మొదట త్రవ్వుచుండగా గడ్డపార బండకు తగిలెను. మన్ను తీసి చూడగా అది బట్టలుతుకు బండ. పడమటి ఇంటివారిది. ఆ ఇంటి అత్తగారు బ్రతికియున్న దినములలో దడి అవతల ఆ బండమీద బట్టలు బాదుచుండిన చప్పుడు మాకు జ్ఞాపకమే. ఇప్పుడది మా దడి లోపల, మా అరటి క్రింద ఉన్నది. త్రాడు పట్టి కొలిచితిమి. గజము వెడల్పు, 15 గజముల పొడవు. అందులో ఒక కరివేప, రెండు మునగలు, ఆ అరటి పొద, ఒక దొండపాదు.

ఆ ఇంట ఇప్పుడున్నది విధవరాలైన కోడలు ఒక్కతె. కుమారుడు పని కొరకు దూరదేశము పోయెను. ఆమె మన సంఘములోనిది కాదు. వారమునకు ఒకటి రెండు సారులు దడి దగ్గర నిలిచి, “వదినగారూ, నాలుగు కరివేపాకు రెబ్బలు ఇప్పిస్తారా?” అని అడుగును. మా ఇంటివారు ఎన్నడును లేదనలేదు. ఇచ్చినప్పుడెల్ల పొరుగువారిని ప్రేమించుచున్నామను తృప్తి కూడ మాకు కలుగుచుండెను. తన నేలలోని చెట్టు ఆకును ఆమె మాయొద్ద బిచ్చముగా అడుగుచుండెనని ఆ బండను చూచిన దినమున తెలిసికొంటిమి.

ఆ రాత్రి మా మనస్సు వకీలు వేషము వేసెను. దడిని మేము జరుపలేదు, కూలివాడు జరిపెను అని మొదలుపెట్టెను. ఈ మాట ఎక్కువసేపు నిలువలేదు. అహాబు కూడ తన చేతితో ఏమియు చేయలేదు. భోజనము మాని, ముఖము త్రిప్పుకొని మంచముమీద పండుకొనెను, అంతే. తాకీదులు వ్రాయించినది యెజెబెలు, రాళ్లు రువ్వినవారు ఊరివారు. ముద్ర మాత్రము రాజుది. దడి కూలి ఇచ్చిన చేయి మాది.

తరువాత కష్టము మాట వచ్చెను. ఇది బలమైన వాదము. ఆ రెండు మూరల నేల చవిటిగా ఉండెడిది. పేడ, చెరువు మన్ను మోసి, మే నెల ఎండలో బిందెలతో నీళ్లు పోసి దానిని సారవంతము చేసినది మేము. చెమట ఎవరిదో నేల వారిది కాదా? లోకములో పెద్ద పెద్ద తత్వవేత్తలు కూడ ఆస్తికి మూలము కష్టమే అని చెప్పియున్నారు. అయితే ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానమును (మత్తయి 21:33–41) చదివినప్పుడు మాకు వణకు పుట్టెను. ఆ తోటను గుత్తకు తీసికొనినవారు సోమరులని అక్కడ వ్రాయబడలేదు. వారును త్రవ్వియుందురు, నీళ్లు పెట్టియుందురు. కష్టపడి కష్టపడి, తోట తమదే అను తలంపునకు వచ్చియుందురు. కష్టము ఫలములో పాలు ఇచ్చును గాని, సొంతదారుని లేకుండ చేయదు.

ఇక చట్టము. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము, ఒకడు పరుల స్థలమును తనదిగా బాహాటముగా అనుభవించుచుండగా సొంతదారుడు 12 ఏండ్లలోపల దావా వేయనియెడల, ఆ స్థలముమీద అతని హక్కే పోవును. న్యాయవాదులు దీనికి చాల షరతులు చెప్పుదురు, సారాంశము ఇదే. రాజ్యమునకు ఇట్టి చట్టము అవసరమే, లేనియెడల తాతలనాటి తగవులు తెగవు. దానిని మేము తప్పుపట్టము. కాని మోషే ధర్మశాస్త్రములో కాలము పని వేరు. లేవీయకాండము 25వ అధ్యాయములో ఏండ్లు గడిచిన కొలది భూమి పట్టుకొనినవానికి గట్టిపడదు. ఏబదియవ ఏట, సునాద సంవత్సరమున, అది తిరిగి పితరుల వంశమునకు పోవును. మనదగ్గర కాలము నేలను దక్కించును, అక్కడ కాలము నేలను విడిపించును.

దీనికి సాక్ష్యము నాబోతు కథలోనే కలదు, సాధారణముగా మనము అంతదూరము చదువము. నాబోతు చచ్చెను. అహాబు తోటను స్వాధీనపరచుకొనెను, ఏలీయా మాట విని గోనెపట్ట కట్టుకొని ఉపవాసము కూడ ఉండెను. తోట తిరిగి ఇచ్చినట్లు మాత్రము ఎక్కడను వ్రాయబడలేదు. అహాబు పోయెను, ఒక కుమారుడు ఏలి పోయెను, మరియొక కుమారుడు ఏలుచుండగా యెహూ యెజ్రెయేలునకు వచ్చెను. అప్పటికి ఆ నేల ఎన్నో ఏండ్లుగా రాజులది. అయినను రెండవ రాజుల గ్రంథము దానిని ఇంకను నాబోతు భూమి అనియే పిలుచుచున్నది. ఎన్ని ఏండ్లు గడిచినను దేవుని లెక్కలో పట్టా మారలేదు.

మన సంగతి ఇంకొకటి ఉన్నది. పొలములకు సర్వే రాళ్లున్నవి గాని, గ్రామకంఠములోని ఇండ్ల స్థలములకు తరతరములుగా విడివిడి సర్వే నంబరులు లేవు. అక్కడ దడియే దస్తావేజు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకము క్రింద ఇట్టి స్థలములను డ్రోనులతో కొలిచి హక్కు పత్రము లిచ్చుటకు పూనుకొనిరి. మంచి పనియే. కాని డ్రోను పైనుండి చూచునది దడి ఉన్న చోటునే, ఉండవలసిన చోటును కాదు. కొలతకు ముందు నేలమీద హద్దులకు సున్నపు గీతలు గీయుదురు. మేము ఊరకుండినయెడల ఆ సున్నము మా రెండు మూరలకు శాశ్వతముగా ముద్ర వేసియుండును.

ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మేమిద్దరము ఆమె ఇంటికి పోయి అరుగుమీద కూర్చుండి సంగతి చెప్పితిమి. ఆమె మొదట భయపడెను. ఊరిలో హద్దు మాట ఎత్తువారు కలహమునకే ఎత్తుదురు గదా. “నేనేమన్నా అన్నానా అన్నయ్యగారూ? మీతో ఎవరైనా ఏమన్నా చెప్పారా?” అని అడిగెను. కాదు, మా తప్పు ఒప్పుకొనుటకు వచ్చితిమని మరల చెప్పవలసి వచ్చెను. చాలసేపు ఊరకుండి, “నాకు తెలుసండీ. ఆ బండ మా అత్తగారిది. దడి కట్టినప్పుడల్లా ఇంకాస్త ఇంకాస్త ఇటు వస్తుంటే చూస్తూనే ఉన్నాను. మీతో మాట పోగొట్టుకుంటే, రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే పిలవడానికి నాకెవరున్నారు?” అనెను.

ఆమెకు నష్టమేమి, ఆ నేలను ఆమె వాడుకొనుట లేదు గదా అను వాదమొకటి మాలో మిగిలియుండెను. అది అక్కడ పోయెను. ఆమె మౌనమును మేము సమ్మతి అనుకొంటిమి. అది వెల. రాత్రివేళ పిలిచిన పలుకు పొరుగు కొరకు ఆమె 15 గజముల నేలను వెలగా ఇచ్చుచుండెను, మేము ఉచితముగా ఇయ్యవలసినదానికి.

దడిని బండకు ఇవతలగా తిరిగి కట్టించితిమి. ఈసారి మోళ్లను పెకలించితిమి; ఇద్దరు మనుష్యులకు రెండు దినములు పట్టెను. చెట్లను గూర్చి కొంత చర్చ జరిగెను. అరటి పిలకలనైన తెచ్చుకొందమని మా పిల్లలు అడిగిరి. చెట్టు నేలతోనే పోవునని మా ఇంటివారు అనిరి. సంఖ్యాకాండము 5:7లో అపరాధి తీసికొనినదానికి అయిదవ వంతు కలిపి ఇయ్యవలెనని ఉన్నది. 24 ఏండ్ల మునగకాడలలో అయిదవ వంతెంత? లెక్క తేలలేదు. ఆ బండను కడిగి, క్రింద ఇటుక పరపించి, ఆమె వాడుకొనుటకు వీలుగా చేయించితిమి. అది అయిదవ వంతగునో కాదో ఎరుగము.

ఈ సంగతి తెలిసి మన సంఘ పెద్దలలో ఒకరు, “మీరు చేసింది బాగానే ఉందిగానీ, ఇప్పుడు ఊరంతా గడ్డపారలు పట్టుకోవాలా?” అనిరి. నవ్వుచు అనిన మాటయే గాని, అందులో ఆయాసము కూడ ఉన్నది. ఒక్కొక్క దడి ఎటు నడచినదో ఎవరికి తెలియును? కొందరి నేల ఒక వైపు పెరిగి మరియొక వైపు తరిగియుండును. మేము ఆయనకు జవాబు చెప్పలేదు.

ఇప్పుడు పులుసులోనికి కరివేపాకు కావలసినప్పుడు మా ఇంటివారే దడి దగ్గర నిలిచి అడుగుచున్నారు. మొదటి దినమున గొంతు పెగలలేదట. ఆమె రెబ్బలు కాదు, కొమ్మయే విరిచి ఇచ్చెను.

మా పెరటికి తూర్పున కూడ దడి ఉన్నది. దానిని కట్టినది ఆ మనిషియే, ఆ పద్ధతినే. తూర్పు ఇంటివారితో మాకు ఆరేండ్లుగా మాటలు లేవు. అక్కడ మేమింకను త్రవ్వి చూడలేదు. మృగశిర చినుకు పడక ముందే చూడవలెను.