గోడ వెనుక నిలిచిన ఇంజను

ధ్యానభాగము: 2 కొరింథీయులకు 2:5-11



సంఘ కాపరికి పొగబండితో ఏమి పని యని కొందరు అడుగవచ్చును. ఇంగ్లండు దేశములో విల్బర్ట్ ఆడ్రీ (1911-1997) అను గురువుగారుండిరి. ఆయన బాల్యములో వారి కుటుంబము బాక్స్ అను ఊరిలో, రైలుమార్గమునకు దగ్గరగా కాపురముండెను. అచ్చట సొరంగమువైపు ఎత్తు ఎక్కవలసి యుండుటచేత బరువు బండ్లను వెనుకనుండి మరియొక ఇంజను నెట్టెడిది. రాత్రివేళ పడకమీదనుండి ఆ రొప్పులు వినుచు, ఇంజన్లు ఒకదానితో ఒకటి మాటలాడుకొనుచున్నవని ఆ బాలుడు తలంచెను.

పెద్దవాడైనను ఆ మక్కువ పోలేదు. 1953 నుండి 1965 వరకు ఆయన ఎమ్నెత్ అను పల్లెలో సంఘమును కాచెను. వేల్స్‌లోని టలిలిన్ అను చిన్న రైలుమార్గమును 1951లో స్వచ్ఛంద సేవకులు చేపట్టి నిలువబెట్టగా, ఆయనయు అచ్చట గార్డుగా పనిచేసెను. ఆయన స్నేహితుడు, క్యాడ్బీ అను పల్లె గురువైన టెడ్డీ బోస్టన్, తన యింటి తోటలోనే రెండడుగుల వెడల్పు పట్టాలు వేయించి పిక్సీ అను ఆవిరి ఇంజనును నడిపించెను.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆడ్రీగారి చిన్న కుమారునికి తట్టు పోసెను. మంచముపట్టిన బిడ్డ ప్రక్కను కూర్చుండి తండ్రి ఇంజన్ల కథలు చెప్పెను. భార్య మార్గరెట్ ప్రోత్సాహముచేత అవి 1945లో పుస్తకముగా వెలువడెను. 1972 నాటికి అట్టి పుస్తకములు 26 ఆయెను. కాపరికి పొగబండితో ఏమి పని? దేవుడు మనకిచ్చిన చిన్న మక్కువ కూడ రోగియైన బిడ్డకు ఓదార్పు కాగలదు.

ఆ మొదటి పుస్తకములో హెన్రీ అను ఇంజనున్నది. వాన తగిలిన తన పచ్చరంగు పాడగునని అది సొరంగములో దూరి, ఎవరెంత చెప్పినను బయటికి రాదాయెను. అప్పుడు పట్టాలు తీసివేసి, దాని యెదుట గోడ కట్టిరి. నిప్పు ఆరిపోయెను. ఏ రంగును కాపాడుకొనగోరెనో ఆ రంగే మసిపట్టి చెడెను. గోర్డన్ అను గొప్ప ఇంజను ఆ దారిని పోవుచు ఎగతాళి చేసెడిది.

ఆ కథ మొదట గోడయొద్దనే ముగిసెను. ప్రచురించువారు కోరగా ఆయన మరియొక కథ వ్రాసెను. గోర్డన్ దారిలో చెడి నిలిచిపోయెను. ఎడ్వర్డ్ అను చిన్న ఇంజను ఒంటరిగా ఆ బండిని కదలింపలేకపోయెను. అప్పుడు గోడ పడగొట్టి, హెన్రీలో నిప్పు రగిలించిరి. ఇద్దరును కలిసి బండిని గమ్యము చేర్చిరి. తిరిగివచ్చుచు, ఎగతాళి చేసిన గోర్డన్‌నుకూడ ఇంటికి తోడుకొనిపోయిరి.

ప్రియులారా, కొరింథు సంఘములో ఒకడు తప్పిదము చేసి శిక్ష పొందెను. ఆ శిక్ష అక్కర లేదని పౌలు అనలేదు, అది చాలుననెను. ఇక క్షమించి ఆదరింపుడనియు, లేనియెడల అతడు అధిక దుఃఖములో మునిగిపోవుననియు, అది సాతానుకు సందగుననియు హెచ్చరించెను.

మన పల్లె సంఘములలోను ప్రభువు బల్లకు దూరముగా ఉంచబడినవారున్నారు. ఒకడు త్రాగుడువలన, ఒకడు అన్నదమ్ముల తగవువలన, ఒకతె వివాహ విషయమువలన. దూరపరచిన తేదీ పెద్దల పుస్తకములో నున్నది. చేర్చుకొనవలసిన తేదీ ఎవరు వ్రాసిరి? ఆ యింటి పిల్లలు పండుగనాడు గుడి గుమ్మమునొద్ద నిలిచి లోనికి తొంగిచూచుచున్నారు. శిక్ష ద్వారమువంటిదై యుండవలెను. మనము దానిని ఇటుక గోడగా కట్టుచున్నాము.

మరియొక మాట. గోడ పడగొట్టినంతమాత్రమున ఇంజను కదలదు. చల్లారిన బాయిలరులో నీరు కాగి ఆవిరి పుట్టుటకు కొన్ని గంటలు పట్టును. అంతవరకు ఒకడు దగ్గర నిలిచి బొగ్గు వేయుచుండవలెను. తిరిగివచ్చిన సహోదరుడును మొదటి ఆదివారమే ఉత్సాహముగా పాడలేడు. వెనుక బల్లమీద తలవంచుకొని కూర్చుండును. అతని ప్రక్కను ఎవరు కూర్చుందురు?

కాబట్టి పెద్దలారా, ఈ నెల ప్రభురాత్రి భోజన ఆరాధనకు ముందుగా ఇద్దరిద్దరుగా అట్టి యొక ఇంటికి వెళ్లుడి. నోటీసు పట్టుకొని కాదు, ఉత్తచేతులతో వెళ్లుడి. వారి మంచముమీద కూర్చుండి, వారిచ్చిన మంచినీళ్లు త్రాగి, వారితో ప్రార్థించుడి. ఎగతాళి చేసినవారినిసైతము ఇంటికి చేర్చు బలము ఆ గోడ వెనుకనే నిలిచియున్నదేమో యెవరికి తెలియును?

మనలను వెదకి వచ్చిన ప్రభువు మనకట్టి హృదయము దయచేయును గాక. ఆమేన్.