ఎండ ఎవరి ఆస్తి?

సూర్యుడు అందరివాడు అన్న మాట మన దేశంలో కొత్తది కాదు. ఇటీవల ఆ మాటను మంత్రులూ, పెట్టుబడిదారులూ కూడా అంటున్నారు. బొగ్గు గనికి యజమాని వుంటాడు, చమురు బావికి యజమాని వుంటాడు, ఎండకు మాత్రం యజమాని లేడు. కనుక సౌరశక్తి తనంతతానే సమానత్వాన్ని తెస్తుందని వారి వాదం. వినడానికి ఇంపుగానే వుంది. కాని ఎండ ఊరికే పడుతుంది గాని, ఊరికే విద్యుచ్ఛక్తిగా మారదు. దాన్ని పట్టడానికి పలకలు కావాలి. పలకలు నిలపడానికి నేలో, ఇంటికప్పో కావాలి. అన్నిటికంటె ముందు డబ్బు కావాలి. ఎండకు యజమాని లేకపోవచ్చు, వీటికి వున్నారు. అందుచేత ప్రభుత్వం సౌరశక్తికి సహాయం చేస్తున్నదంటే, ఆచరణలో ఇవి చేతిలో వున్నవారికి సహాయం చేస్తున్నదన్నమాట. ఆ సహాయం న్యాయమేనా? న్యాయం కావాలంటే ఏ షరతు మీద ఇవ్వాలి? నా ప్రశ్న ఇదే.

ప్రభుత్వం ఇందులో అసలు వేలే పెట్టకూడదనీ, పనికివచ్చే వస్తువైతే బజారులో దానంతటదే నిలబడుతుందనీ అనేవారున్నారు. చరిత్ర వారి పక్షాన లేదు. 1954లో అమెరికాలో బెల్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు పనికివచ్చే మొదటి సిలికాన్ సౌరఘటాన్ని ప్రదర్శించారు. తనమీద పడ్డ ఎండలో నూటికి సుమారు 6 వంతులను మాత్రమే అది విద్యుత్తుగా మార్చగలిగింది. అంత ఖరీదైన వస్తువుతో ఇంట్లో దీపం పెట్టుకోగల గృహస్థు అప్పుడు లేడు. దాన్ని ఆదరించింది ఖజానా. 1958లో అమెరికా నౌకాదళ పరిశోధనాలయం తయారుచేసిన వాన్‌గార్డ్ ఉపగ్రహం ఈ ఘటాలతోనే ఆకాశంలోకి వెళ్ళింది. చమురు ధరలు మండిన తర్వాత 1974లో జపాన్ ప్రభుత్వం సౌరశక్తి పరిశోధనకు పూనుకున్నది. 2000లో జర్మనీ చేసిన చట్టం, సౌరవిద్యుత్తును 20 సంవత్సరాలపాటు నిర్ణీతధరకు కొనితీరాలన్నది. ఆ హామీ వల్ల గిరాకీ పెరిగింది. గిరాకీ చూసి చైనాలో, ప్రభుత్వం అండతోనే, కర్మాగారాలు లేచాయి. ధర పడిపోయింది. మన దేశంలో 2010లో జాతీయ సౌర మిషన్ మొదలైనప్పుడు తొలి వేలంపాటల్లో యూనిటు 10 రూపాయలు దాటింది. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో అది 2 రూపాయల 44 పైసలకు దిగింది.

ఈ తగ్గుదలను బజారు మహిమ అనడం సత్యదూరం. వస్తువు ప్రియంగా వున్న కాలంలో దాని ఖర్చును భరించినవారున్నారు. జర్మన్ గృహిణి తన కరెంటు బిల్లులో భరించింది. సబ్బుబిళ్ళ కొని పన్ను కట్టే మన వ్యవసాయ కూలీ కూడా, తెలియకుండానే, తన వంతు భరించాడు. అది దానం కాదు, సమాజం పెట్టిన పెట్టుబడి. పెట్టుబడి పెట్టినవాడికి ఫలంలో హక్కు వుంటుందన్నది ధనస్వామ్యం తానే నేర్పిన నీతి. ఆ నీతిని సమాజం విషయంలో మాత్రం ఎందుకు మరిచిపోవాలి?

ఇక రెండవ వాదం మన శిబిరంలోనే వినబడుతున్నది. సబ్సిడీ అంటే పెట్టుబడిదారుకు ప్రజాధనం దోచిపెట్టడమేననీ, అభ్యుదయవాదులు దీన్ని మొత్తంగా వ్యతిరేకించాలనీ కొందరు మిత్రుల అభిప్రాయం. వారి ఆగ్రహాన్ని అర్థం చేసుకోగలను. నిర్ణయాన్ని మాత్రం అంగీకరించలేను. బొగ్గుపొగ వల్ల భూమి వేడెక్కుతున్నది. ఆ వేడికి మొదట బలి అయ్యేది చల్లటి గదిలో కూర్చున్నవాడు కాదు. మే నెల మధ్యాహ్నం రోడ్డు మీద తారు పోసేవాడు, మిరపచేలో కాయలు ఏరే ఆడకూలీ. సౌరశక్తి రాకపోతే నష్టపోయేది వారే. మరమగ్గం యజమాని దుర్మార్గుడైనంత మాత్రాన మగ్గాన్ని విరగ్గొట్టడం విప్లవం కాదు. యంత్రాన్ని వుంచుకొని సంబంధాలను ప్రశ్నించాలి.

ఆ సంబంధాలు ఎలా వున్నాయో పావగడలో చూడవచ్చు. ఈ తాలూకా కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చెందినది. చుట్టూ చాలామేరకు ఆంధ్ర సరిహద్దే. పల్లెల్లో తెలుగు మాట్లాడేవారు విస్తారం. వానలు లేక, వేరుశనగ పండక, జనం వలసపోయే కరువుసీమ. తిరుమణి, వళ్ళూరు మొదలైన ఐదు గ్రామాల పరిధిలో, దాదాపు 13,000 ఎకరాలలో అక్కడ సౌరపార్కు వెలసింది. 2019 చివరికి దాని సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరింది. ప్రభుత్వం ఆ భూమిని రైతులనుండి బలవంతంగా లాక్కోలేదు, కౌలుకు తీసుకున్నది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. రెండేళ్ళకొకసారి నూటికి 5 వంతుల పెంపు. భూమి మీద హక్కు రైతుదే. పరిహారం చేతిలో పెట్టి ఊళ్ళు ఖాళీ చేయించిన ప్రాజెక్టుల చరిత్ర తెలిసినవాడెవడూ ఈ పద్ధతిని మెచ్చుకోకుండా వుండలేడు. నేనూ మెచ్చుకుంటాను.

అయితే, కౌలు ఎవరికి ముట్టింది? పట్టాలో పేరున్నవారికి. ఆ చేలో కలుపు తీసినవారికీ, వేరుశనగ వొలిచినవారికీ, ఆ బీడులో గొర్రెలు మేపుకున్నవారికీ ఏ దస్తావేజులోనూ పేరు లేదు. భూమి పని మానేసినా పట్టాదారుకు ఆదాయం ఆగలేదు. కూలీకి మాత్రం భూమితోపాటు పనీ ఆగింది. పార్కులో కాపలా పని, పలకలు కడిగే పని కొందరికి దొరకవచ్చు. అది యజమాని ఇచ్చే అవకాశమే గాని హక్కు కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్లు, సూర్యుడు అందరికీ ఇచ్చినదాన్ని పట్టా కొందరి దగ్గర ఆపింది.

ఇది పావగడకే పరిమితం కాదు. 2019లో వచ్చిన కుసుమ్ పథకం సౌర పంపుసెట్టుకు సహాయం చేస్తుంది. ముందుగా నీకు పొలం వుండాలి, నీళ్ళు వుండాలి, నీ వాటా డబ్బు వుండాలి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయలు ఇస్తుంది; ముందుగా నీకు కప్పు వుండాలి. అద్దె గదిలో వుండేవాడికి కప్పు లేదు, కప్పు కింద చోటు మాత్రమే వుంది. షెడ్యూల్డు కులాల, తెగల ఇళ్ళమీద పలకలు ఉచితంగా పెట్టిస్తామని ఆంధ్ర ప్రభుత్వం ప్రకటించడం మంచిదే. కాని అక్కడ కూడా అర్హత ఇంటితోనే మొదలవుతున్నది. ఎక్కువ వున్నవాడికి ఎక్కువ, ఏమీ లేనివాడికి ఏమీ లేదు. ఈ సూత్రం ఏ అధికారి దుర్బుద్ధి నుంచీ పుట్టలేదు. సహాయానికి కొలత అవసరం కాక ఆస్తి అయినచోట ఫలితం ఇలాగే వుంటుంది.

కాలం మించిపోతున్నది, ముందు పలకలు నిలవనివ్వండి, న్యాయం తర్వాత చూద్దాం అంటారు. ఈ మాటను తేలికగా తీసివేయలేం. కాని ఒక సంగతి గమనించాలి. సౌరపార్కులో డబ్బు పెట్టిన కంపెనీ విద్యుత్తును సాధారణంగా 25 సంవత్సరాలపాటు నిర్ణీతధరకు కొనే ఒప్పందం కుదురుతుంది. పావుశతాబ్దం తర్వాతి లాభానికి ఈనాడే పూచీపడగల వ్యవస్థ, రేపటి కూలికి పూచీపడలేనంటే, అది కాలం చాలక కాదు. అడిగేవాడి బలం చాలక.

లెక్క కూడా అంత జటిలమైనది కాదు. ఒక మెగావాటు పలకలు మన ఎండలో ఏడాదికి స్థూలంగా 20 లక్షల యూనిట్లు ఇస్తాయి. పావగడ మొత్తానికి సుమారు 400 కోట్ల యూనిట్లు. 13,000 ఎకరాలకు మొదటి రేటు చొప్పున కౌలు 27 కోట్ల పైచిలుకు. అంటే యూనిటుకు 7 పైసలు. ఐదు ఊళ్ళ నేలకు యూనిటులో వచ్చింది అంతే. కొత్తగా చేసుకునే ఒప్పందాలలో యూనిటుకు మరో 5 పైసలు ఊరిలోని భూమిలేని కుటుంబాల పేర విధిస్తే, ఇంత పార్కు మీద ఏడాదికి 20 కోట్లు వస్తాయి. కంపెనీ ఆ 5 పైసలను ధరలో కలుపుకుంటుందంటారా? కలుపుకోనివ్వండి. బెంగుళూరులో దీపం వేసుకునేవాడు, ఆ దీపంకోసం పని పోగొట్టుకున్నవాడికి 5 పైసలు ఇవ్వడం అన్యాయం కాదు. ఆ సొమ్ము దయగా కాక గ్రామసభ లెక్క చూసే హక్కుగా రావాలి. గొర్రెలకాపరీ, కూలీ, కౌలురైతూ పేరుపేరునా జాబితాలో వుండాలి.

ప్రభుత్వం సౌరశక్తికి సహాయం చేయాలా అన్నది నా దృష్టిలో తీరిపోయిన ప్రశ్న. చేయాలి, ఇంకా ఎక్కువ చేయాలి. తీరనిది, ప్రజాధనంతో పెరిగిన శక్తికి ప్రజల్లో ఎవరిని హక్కుదారులుగా గుర్తించాలి అన్నది. పట్టాను మాత్రమే చూడగల న్యాయం సగం గుడ్డిది. చెమటకు కూడా పట్టా వుందని చట్టం ఒప్పుకునేవరకూ, ఎండ అందరిదీ అన్న మాట ఉపన్యాసాలలోనే వుంటుంది.