స్మృతి ఎప్పుడు ప్రమాణం?

పూర్వానుభవం మిగిల్చిన సంస్కారం నుంచి మాత్రమే పుట్టే జ్ఞానాన్ని స్మృతి అంటారు. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని విభజించి, ప్రమ, అంటే సరైన జ్ఞానం, అనే స్థానాన్ని యథార్థానుభవానికే ఇచ్చాడు. పచ్చికుండను నల్లగా చూసినవాడు, అది ఆవంలో కాలి ఎర్రబడిన తర్వాత కూడా నల్లగానే స్మరిస్తాడు కనుక, ఈ జాగ్రత్త సమంజసమే.

ఫైళ్లను చదివి రాసే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇదే సమస్య అనుక్షణం ఎదురవుతుంది. లినక్స్ ఫైలు భాగాలను సాధారణంగా 4 కిలోబైట్ల పేజీలుగా ర్యామ్‌లో దాచుకుంటుంది. ఈ నిల్వే పేజీ క్యాష్. ప్రోగ్రాము రాసినది కూడా మొదట ఇక్కడికే చేరి, మామూలు అమరికలో దాదాపు 30 సెకన్ల వరకు డిస్కుకు చేరకుండా ఉండవచ్చు. ఆ వ్యవధిలో పాతబడినది డిస్కే. ఆ యంత్రంలోని మామూలు రాతలన్నీ క్యాష్ గుండానే సాగుతాయి కనుక స్మృతి మాటే అక్కడ సత్యం.

ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో అనేక యంత్రాలు ఒకే ఫైలును పంచుకున్నప్పుడు ఈ అధికారం నిలవదు, ఎందుకంటే ఒకచోట జరిగిన మార్పు మరొకచోటి క్యాష్‌కు దానంతటది తెలియదు. అందుచేత క్లయింటు యంత్రం ఫైలు తెరిచినప్పుడు సర్వర్‌ను అడిగి, ఫైలు మారి ఉంటే తన ప్రతిని విడిచిపెడుతుంది. తెరిచి ఉన్నంతకాలం ఆ సమాధానాన్ని సాధారణంగా 3 నుంచి 60 సెకన్ల వరకు నమ్ముతుంది. జ్ఞానం యథార్థమని మరో ఆధారంతోనే తేలుతుందనే నైయాయికుల పరతఃప్రామాణ్యం ఆ తొలి విచారణలోనూ, దాన్ని ఖండించే బాధకం కనిపించేదాకా జ్ఞానాన్ని నమ్మవచ్చుననే మీమాంసకుల స్వతఃప్రామాణ్యం ఆ తర్వాతి విశ్వాసంలోనూ కనిపిస్తాయి.

అయితే పాతబడటం కన్నా ఘోరమైన దోషం మరొకటి ఉంది. రాతలను డిస్కుకు చేర్చమని కోరే ఎఫ్‌సింక్ ఆజ్ఞ విఫలమైనప్పుడు, లినక్స్ ఆ పేజీలను డిస్కుకు చేరినవాటిగానే గుర్తించి, మళ్లీ అడిగితే విజయమని చెప్పగలదని 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నిర్మాతలు చర్చకు తెచ్చారు. 2019 నుంచి ఆ డేటాబేస్ అటువంటి వైఫల్యం ఎదురైతే పని ఆపివేసి, ముందుగా రాసుకున్న లాగ్ ఆధారంగా స్థితిని పునర్నిర్మించుకుంటుంది. స్మృతికి ప్రామాణ్యం దాని సామీప్యం వల్లగానీ స్పష్టత వల్లగానీ రాదు. మార్పులన్నీ తన గుండా సాగినప్పుడు, లేదా మూలాన్ని అడిగి సరిచూసుకున్నప్పుడు మాత్రమే వస్తుంది. ఈ రెండూ లేనిచోట తన సందేహాన్ని చెరిపివేయకుండా నిలుపుకోవడమే స్మృతికి ధర్మం.