పిట్టగోడ లేని మేడ

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 22:8



గడచిన సంవత్సరము వేసవిలో మన సంఘ సహోదరుడొకరు క్రొత్త యింటికి పునాది వేయుచు ప్రార్థనకు మమ్మును పిలిచిరి. తెల్లవారకముందే వెళ్లితిమి. కీర్తన పాడితిమి, బండమీద కట్టినవానిని గూర్చియు, ఇసుకమీద కట్టినవానిని గూర్చియు ప్రభువు చెప్పిన ఉపమానమును చదివితిమి, రాతిమీద చేయి ఉంచి దేవుని దీవెన వేడుకొంటిమి. తరువాత టీ త్రాగుచుండగా తాపీమేస్త్రి మెల్లగా అడిగెను: “అయ్యా, ప్లాను వచ్చిందాండీ?” సహోదరుడు నవ్వి, “మన స్థలంలో మనం కట్టుకోడానికి ఎవరి సెలవు కావాలి? తరువాత చూసుకుందాంలే” అనెను. మేమును నవ్వితిమి. ఆ నవ్వును తలంచుకొనినప్పుడెల్ల మాకు సిగ్గు కలుగుచున్నది.

సంక్రాంతి పండుగ వచ్చెను. తెగిన గాలిపటముకొరకు ప్రక్కయింటి పిల్లవాడు మెట్లెక్కి ఆ మేడమీదికి వెళ్లెను. శ్లాబు వేసియుండిరి గాని పిట్టగోడ ఇంకను కట్టలేదు. పిల్లవాడు ఆకాశమువైపు చూచుచు వెనుకకు అడుగులు వేసి క్రిందపడెను. దేవుని కనికరమువలన ప్రాణము దక్కెను గాని కాలు రెండుచోట్ల విరిగెను. ఆసుపత్రి వరండాలో ఆ పిల్లవాని తల్లి మమ్మును నిందింపలేదు. ఒక్క మాట మాత్రము అడిగెను: “ఆ గోడకి ఎన్ని ఇటుకలు పడతాయండీ, అయ్యగారూ?” మేము తల వంచుకొంటిమి.

ఆ రాత్రి ద్వితీయోపదేశకాండము తెరచితిమి. క్రొత్త యిల్లు కట్టువాడు దాని పైకప్పు చుట్టు గోడ పెట్టవలెననియు, లేనియెడల ఎవడైనను అక్కడనుండి పడినప్పుడు ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చుననియు మోషే బోధించెను. ఇశ్రాయేలీయుల యిండ్లకు పైకప్పు చదునుగా ఉండెడిది. రాహాబు వేగులవారిని దాచినది మిద్దెమీదనే. పేతురు మధ్యాహ్న ప్రార్థనకు ఎక్కినది మిద్దెమీదికే. మనము వేసవిరాత్రులు మేడమీద పక్కలు వేసికొనునట్లే వారును ఆ స్థలమును వాడుకొనిరి. నరహత్య కూడదని సీనాయి కొండమీద ఆజ్ఞ ఇచ్చిన దేవుడు, ఆ ఆజ్ఞను ఇల్లు కట్టువాడు ఏలాగు నెరవేర్చవలెనో ఇక్కడ చూపుచున్నాడు.

ఇందులో రెండు సంగతులు గమనింపుడి. మొదటిది, ఈ ఆజ్ఞ యజమానుని మాత్రమే తలంచి ఇయ్యబడినది కాదు. పడువాడు అతిథియో, పనివాడో, పొరుగింటి బిడ్డయో కావచ్చును. రెండవది, ఎవరైన పడువరకు ఆగుమని ఆజ్ఞ చెప్పదు. కట్టునప్పుడే గోడ పెట్టుమని చెప్పుచున్నది. నేటి గృహనిర్మాణ నిబంధనలన్నిటికిని మూలమైన తలంపు ఇదియే. మన దేశపు జాతీయ భవన నిర్మాణ స్మృతి 1970లో మొదట వెలువడి, పలుమారులు సవరింపబడి, 2016లో మరల ప్రకటింపబడినది. మేడ అంచున సుమారు ఒక మీటరు ఎత్తు పిట్టగోడ ఉండవలెనని అందులోను కలదు. మోషే మాటకును ఇంజనీరు మాటకును ఎంత సామీప్యమో చూడుడి!

కొందరు ఈ నిబంధనలను కచేరీవారి కల్పన యందురు. అయితే 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతమందును, 1969 ఏప్రిల్ 13న భద్రాచలము ప్రాంతమందును భూమి కంపించినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినది. విశాఖలో కట్టు భవనము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు వీచు గాలికి నిలుచునట్లు లెక్క వేయవలెనని గాలి ఒత్తిడినిగూర్చిన ప్రమాణము చెప్పుచున్నది. స్తంభములో ఎంత ఇనుము వేయవలెను, పునాది ఎంత లోతు త్రవ్వవలెను అనునవి మనకు తోచినట్లు నిర్ణయించుకొనవలసినవి కావు. వాన కురిసినప్పుడు, వరదలు వచ్చినప్పుడు, గాలి కొట్టినప్పుడు ఏ యిల్లు నిలుచునో ప్రభువు ముందుగనే చెప్పెను.

ఇక ఇంటిచుట్టు వదలవలసిన జాగా సంగతి. స్థలపు విస్తీర్ణమును బట్టియు, ఎదుటి వీధి వెడల్పును బట్టియు, ఇంటి ఎత్తును బట్టియు ఎంత వదలవలెనో నిబంధనలలో ఉన్నది. “కొన్న జాగాలో మూడడుగులు ఎందుకు పోగొట్టుకోవాలి?” అని మనలో అనేకులు అడుగుదురు. అయితే ఆ మూడడుగులలోనుండియే పొరుగింటి గదికి గాలి వెలుతురులు పోవును. నిప్పు అంటుకొనినయెడల మనుష్యులు వచ్చి ఆర్పుటకు చోటుండును. మన చూరునీరు పొరుగువాని గోడమీద పడకుండును. మెట్లు వీధిలోనికి దింపినవాడు, పల్లకిలో పోవు రోగికి గాని అంబులెన్సుకు గాని దారి తగ్గించుచున్నాడు. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెనన్న ఆజ్ఞ మన హద్దురాతియొద్ద అడుగులతోను అంగుళములతోను కొలవబడును.

అనుమతిపత్రము అడుగుట విశ్వాసలోపమని యెంచకుడి. నెహెమ్యా ఉపవాసముండి ప్రార్థించినవాడు. అయినను యెరూషలేమునకు బయలుదేరకముందు నది అవతలి అధికారులకు పత్రికలు కావలెనని రాజును అడిగెను. గుమ్మముల దూలములకు మ్రాను ఇచ్చునట్లు రాజు అడవులను కాయు ఆసాపునకును పత్రిక వ్రాయించుకొనెను. ఎజ్రా గ్రంథము అయిదవ అధ్యాయములో, దేవాలయము కట్టుచున్న పెద్దలను అధికారియైన తత్తెనై వచ్చి, మీకు సెలవిచ్చినవారెవరని ప్రశ్నించెను. వారు కోపపడలేదు, కోరెషు ఆజ్ఞను వినయముగా జ్ఞాపకము చేసిరి. దస్తావేజులు వెదకించగా ఆ ఆజ్ఞ దొరకెను. అందులో మందిరపు ఎత్తు అరువది మూరలు, వెడల్పు అరువది మూరలు అని కొలతలు సహా వ్రాయబడియుండెను. ఆ పత్రము భద్రముగా ఉండుటవలననే పని ఆగక సాగెను.

“అంతయు నిజమే, కాని కచేరీలో తిరగలేము, చేయి తడపనిదే కాగితము కదలదు” అని మీరనవచ్చును. ఆ కష్టము మేమెరుగుదుము. ఆలస్యము చేయు గుమాస్తాయు, చేయి చాపు అధికారియు దేవునియెదుట లెక్క చెప్పవలసినవారే. లంచము చూపుగలవారికి గ్రుడ్డితనము కలుగజేయునని ధర్మశాస్త్రము బోధించుచున్నది; ఆ మాట ఇచ్చువానికిని చెల్లును. మరికొందరు “క్రమబద్ధీకరణ వస్తుందిలే” అని కనిపెట్టుకొనియుందురు. 2007లోను 2015లోను అట్టి పథకములు వచ్చిన మాట వాస్తవమే. అయితే రుసుము కట్టినంతమాత్రమున బలహీనమైన స్తంభము బలపడదు. విరిగిన కాలు అతుకదు.

కావున ఇల్లు కట్టదలచినవారికి కొన్ని మాటలు. స్థలము కొనకముందే దస్తావేజులు చూచుకొని, ఆ లేఅవుటు మంజూరైనదో లేదో విచారింపుడి. అర్హతగల ఇంజనీరుచేత ప్లాను గీయించి, పట్టణములో పురపాలక సంఘమునకు, గ్రామములో పంచాయతికి దరఖాస్తు పెట్టుడి. మంజూరైన ప్లానును మేస్త్రికి చూపుడి; ఒక అంతస్తుకు అనుమతి పొంది రెండవది లేపకుడి. బీదలు భయపడనక్కరలేదు. తెలంగాణలో 2020లో చేయబడిన చట్టము ప్రకారము 75 చదరపు గజములకు మించని స్థలములో ఏడు మీటర్ల ఎత్తువరకు కట్టుకొనువారు అనుమతికై తిరుగనక్కరలేదు. ఒక్క రూపాయితో నమోదు చేసికొనిన చాలును. ఆంధ్రప్రదేశములో 2017 నాటి భవన నిబంధనలును, వాటి తరువాతి సవరణలును ఉన్నవి. కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనక గోపురము మొదలుపెట్టినవానిని గూర్చి ప్రభువు చెప్పెను గదా. ప్లాను రుసుమును, పిట్టగోడ ఖర్చును ఆ లెక్కలో మొదటనే వేసికొనుడి.

మా తప్పును కూడ ఒప్పుకొనవలెను. మూలరాతిమీద చేయి ఉంచిన మేము మేస్త్రి అడిగిన ప్రశ్నను వినియు విననట్లుంటిమి. ఆ నాడు నవ్వక, “తమ్ముడూ, ప్లాను వచ్చిన తరువాత ప్రార్థన పెట్టుకొందము” అని యుండినయెడల, ఇంజనీరు గీసిన కాగితముమీద ఆ పిట్టగోడ కనబడియుండును. దానిని మరచుటకు ఎవరికిని వీలుండకపోవును. ఇకమీదట పునాది ప్రార్థనకు పిలుచువారిని మేము ప్లాను అడుగుదుము. కోపపడకుడి, పోలీసువలె అడుగుటలేదు, కాపరివలె అడుగుచున్నాము. కచేరీ కాగితములు తెలియనివారికి తోడుగా వచ్చుటకు సంఘములోని యిద్దరు చదువుకొనిన యౌవనస్థులు ఒప్పుకొనిరి.

ఆ సహోదరుడు పిల్లవాని వైద్యపు ఖర్చు భరించి, ఆ తల్లిదండ్రులయొద్ద క్షమాపణ వేడుకొనెను. పురపాలక సంఘము విధించిన అపరాధ రుసుమును చెల్లించెను. తరువాత పిట్టగోడ కట్టించెను. ఆ దినమున మేము మేస్త్రిని అడిగితిమి: “ఎన్ని ఇటుకలు పట్టినవి?” “ఇంచుమించు పదిహేను వందలండీ, మూడు రోజుల పని” అనెను. ఆ తల్లి ప్రశ్నకు జవాబు అదే. మూడు దినముల పనిని తరువాతకు త్రోసినందున ఒక బిడ్డ ఇంకను కుంటుచున్నాడు.

ప్రార్థింతము: ఇంటిని కట్టించు ప్రభువా, మా గడపలోనికి వచ్చు ప్రతివాని ప్రాణము నీదని మాకు నేర్పుము. నీ దీవెన వేడు మా పెదవులు పొరుగువాని క్షేమమును మరువకుండ చేయుము. పడిన ఆ బిడ్డను నీవే లేవనెత్తి నడిపింపుము. ఆమేన్.