అడుగుజాడల ఋణము

పొలములలో కాలిబాటను ఎవరును కొలిచి వేయరు. ఒకడు నడచిన చోట మరియొకడు నడచుటచేత గడ్డి అణగి బాట యేర్పడును. క్రొత్తగా వచ్చినవానికి అదే దారి చూపును. నేడు మనము ఫోనులో ఒక సంగతి వెదకునప్పుడును ఇట్లే జరుగుచున్నది. మనకు ముందు వెదకినవారు ఏ పుటను తెరచిరో, దేనిని చూచి వెంటనే వెనుకకు మరలిరో యంత్రములు గురుతుంచుకొని, మన యెదుట ఏది మొదట ఉంచవలెనో నిర్ణయించుటకు ఆ గురుతులను కూడ వాడుకొనును. గూగుల్ ఇట్లు చేయుచున్నదని 2023లో అమెరికా న్యాయస్థానమున ఆ సంస్థ అధికారియే సాక్ష్యమిచ్చెను.

ఈ తలంపు పాతదే. పుస్తకముల నడుమ ఒకడు వేసిన బాటను ఇతరులకు అందించు యంత్రమును గూర్చి 1945లోనే వానెవర్ బుష్ అను శాస్త్రజ్ఞుడు ఊహించి వ్రాసెను.

ఇది మేలే. పేరైన తెలియనివారి శ్రమ మనకు దారియగుచున్నది. అయితే పదిమంది నడచిన బాటయెల్ల మంచి బాటయేనా?

2006లో అమెరికా పరిశోధకులు ప్రకటించిన ఒక పరీక్షలో సుమారు 14,000 మంది పాల్గొనిరి. జనులు అంతగా ఎరుగని 48 పాటలను వారియెదుట ఉంచిరి. కొందరికి పాటలను మాత్రమే చూపిరి. తక్కినవారిని ఎనిమిది గుంపులుగా విభజించి, తమ గుంపులో ఏ పాటను ఎందరు తీసికొనిరో కూడ చూపిరి. అప్పుడు పేరుపొందిన పాట మరింత పేరుపొందెను. కాని ఒక గుంపులో గెలిచినది మరియొక గుంపులో గెలువలేదు. మిక్కిలి మంచివి అరుదుగానే ఓడెను, మిక్కిలి చెడ్డవి అరుదుగానే గెలిచెను. నడుమనున్నవాటి గతి ఎవరును చెప్పజాలకపోయిరి.

దీనినిబట్టి మనకు తెలియునదేమి? పదిమంది ఎవరికి వారు చూచి చెప్పినయెడల అది పది సాక్ష్యములు. మొదటివాని వెంట తొమ్మండుగురు తలయూపినయెడల అది ఒక్క సాక్ష్యమే. గనుక ఇంటిలో ఒకరికి పాము కరచినప్పుడు, ఎక్కువమంది చూచిన చిట్కా అని నమ్మి జాగు చేయక ఆసుపత్రికి పోవలెను.

మరియొక సంగతి. మనమును బాట వేయువారమే. ఒకరి పరువు తీయు అబద్ధపు వార్తను వేడుకకు తెరచినను, ఆ గడ్డి మన పాదముక్రిందను అణగుచున్నది. తరువాత వచ్చువానికి అది రాజమార్గమువలె కనబడును. మనకు ముందు నడచినవారికి మనము తీర్చగల ఋణ మొక్కటే: మన వెనుక ఎవరో వచ్చుచున్నారని యెరిగి అడుగు వేయుదుము గాక.