పదిమందికీ రాని భాష

ఫలానా భాష నేర్చుకుంటానని ఎవరైనా అనగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: దాంతో ఏం పని? ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఉద్యోగానికి ఇంగ్లీషు అని నాలుకను మూడు వాటాలుగా పంచుకున్న మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్ళాయి. సిరుగుప్ప తాలూకా మైసూరులో చేరింది, దాంతోపాటు తుంగభద్ర ఒడ్డునున్న మన కెంచనగుడ్డా చేరింది. ఇక్కడ పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించాలంటే ఇప్పటికీ ఎవరో ఒకరికి కారణం చెప్పుకోవలసిందే.

ఈ మధ్య అదే ప్రశ్న కంప్యూటర్ చదువు చదివే పిల్లల మధ్య వినిపించింది. అందరూ జావా, పైథాన్ అంటుంటే ఒకడు స్మాల్‌టాక్ నేర్చుకుంటానన్నాడట. తక్కినవాళ్ళు నవ్వారట. నవ్వదగిన విషయమేనా అన్నది ఆలోచించాలి.

స్మాల్‌టాక్ యంత్రానికి పని చెప్పే భాష. 1970లలో అమెరికాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ కంపెనీ పరిశోధనాలయంలో పుట్టింది. అలన్ కే దాన్ని ఊహించాడు. డాన్ ఇంగాల్స్ పనిచేసేలా కట్టాడు. అడెల్ గోల్డ్‌బర్గ్ బడిపిల్లల దగ్గరికి తీసుకెళ్ళింది. ఇందులో అంకె, అక్షరం, తెరమీది కిటికీ, అన్నీ ఆబ్జెక్టులే, అంటే వస్తువులే. వాటికి కబురు పంపడం ఒక్కటే మనం చేసే పని. కబురు అందుకున్న వస్తువే ఏం చెయ్యాలో అప్పటికప్పుడు తేల్చుకుంటుంది. ఇది అంకె, ఇది పేరు అని ముందే ప్రకటించి కట్టిపడెయ్యనక్కరలేదు కనక దీన్ని డైనమిక్ భాష అంటారు.

మూడుకు నాలుగు కూడి, ఇంటూ రెండు అని వరసగా రాస్తే బడిలెక్క ప్రకారం జవాబు 11. ఎందుకంటే హెచ్చవేత ముందు చెయ్యాలి. స్మాల్‌టాక్ మాత్రం 14 అంటుంది. మూడుకు 'నాలుగు కలుపుకో' అని కబురు వెళ్ళింది, ఏడు వచ్చింది. ఆ ఏడుకు 'రెండింతలు కా' అని కబురు వెళ్ళింది. హెచ్చవేతకు అక్కడ పెద్దపీట లేదు, ముందు వచ్చినవాడికి ముందు. ఇంకో సంగతి. ఇంగ్లీషులాగే చాలా కంప్యూటర్ భాషల్లో షరతు చెప్పాలంటే 'ఇఫ్' ముందు రావాలి. స్మాల్‌టాక్‌లో ముందు విషయం, తరవాత 'నిజమైతే' అన్న కబురు, ఆ తరవాత చెయ్యవలసిన పని. 'బస్తా యాభై కిలోలు దాటితే' అని మనం 'ఐతే'ను మాట వెనకే పెడతాం కదా, అట్లాగన్నమాట. కన్నడమూ అంతే. పాలో ఆల్టోవాళ్ళు మన వ్యాకరణం చూసి చేశారని కాదు కానీ, మన పిల్లవాడికి అది అంత పరాయిదిగా అనిపించకపోవచ్చు.

ఇలాంటి భాషకు వత్తాసుగా మామూలుగా చెప్పే మాట, బుద్ధికి సానపడుతుంది, రేపు జావా బాగా రాస్తావు అని. ఈ సమాధానం నాకు నచ్చదు. తెలుగు వస్తే కన్నడం సులువుగా వస్తుందిరా అని పిల్లలకు ఆశ చూపే పెద్దలున్నారు. నిజమే కావచ్చు. కానీ అలా అన్నప్పుడు తెలుగును నిచ్చెన చేసి, మేడ ఎక్కాక తన్నెయ్యమని మనమే చెబుతున్నాం. కూటికి వస్తుందా అన్న లెక్కా నిలకడైనది కాదు. 1959లో పుట్టిన కోబాల్ పాతబడిపోయిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 2000 సంవత్సరపు తేదీల చిక్కు వచ్చిపడింది. ఎందరో తెలుగు కుర్రవాళ్ళు ఆ భాషే నేర్చుకుని అమెరికా విమానం ఎక్కారు. దేనికి ఎప్పుడు గిరాకీ వస్తుందో చెప్పడం జ్యోతిష్యం. ఒక భాషలో ఆలోచించడం బాగుంది అన్నదే దాన్ని నేర్చుకోవడానికి చాలిన కారణం. దానికి ఇంకొకరి అనుమతి అక్కరలేదు.

అసలు చిక్కు నేర్చుకోవడంలో లేదు, దానితో ఇతరులకు పని చేసిపెట్టడంలో ఉంది. సిరుగుప్పలో ఒక బియ్యం మిల్లు అనుకుందాం. ఆ కుర్రవాడు తూకాలు, బాకీలు, హమాలీ కూలీ అన్నీ స్మాల్‌టాక్‌లో రాసి ఇచ్చాడు. బ్రహ్మాండంగా నడిచింది. రెండేళ్ళకు అతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. తరవాత పన్ను రేటు మారితే ఆ లెక్కను విప్పి చూసేదెవరు? యజమాని తంటా ఒక ఎత్తు, కూలీ నిలిచిపోయిన హమాలీ తంటా ఇంకో ఎత్తు. మన ఇళ్ళలోనూ తాతలు తెలుగులో రాసిన బాకీ పత్రాలు పెట్టెల్లో ఉంటాయి. మనవలకు కన్నడం మాత్రమే వచ్చు. లిపులు దగ్గరివి గనక సగం పోల్చుకుంటారు, తక్కిన సగానికి ఊళ్ళో ముసలివాళ్ళను వెతుక్కుంటారు. తాతది తప్పంటారా? రాయడం తప్పు కాదు. చదవడం నేర్పకుండా పోవడమే తప్పు.

అయితే అందరికీ తెలిసిన భాషలోనే రాయాలి అంటే నేను ఒప్పుకోను. పేరున్న భాషలో రాసినా, విప్పి చెప్పే మనిషి లేకపోతే అదీ చీకటి గదే. ఈ విషయంలో స్మాల్‌టాక్‌కు ఒక మంచి గుణం ఉంది. దాని పరికరాలన్నీ దానిలోనే రాసి ఉంటాయి. ఏ వస్తువునైనా తెరిచి, ఇది ఎలా పనిచేస్తుంది అని లోపలి రాత చూడవచ్చు. ఒక వస్తువుకు తెలియని కబురు పంపితే, 'అర్థం కాలేదు' అన్నది కూడా ఒక కబురుగానే దానికి తిరిగి వస్తుంది. పని ఉన్నచోటే ఆగుతుంది. ఆ మాటకు అర్థం అక్కడే రాసి, ఆగినచోటినుంచే మళ్ళీ నడిపించవచ్చు. అర్థం కాకపోవడంతో సంభాషణ ముగిసిపోదన్నమాట. సరిహద్దు ఊళ్ళలో బతికేవాళ్ళం మనం రోజూ చేసేదీ ఇదే.

లోపమూ చెప్పాలి. పని అంతా ఇమేజ్ అనే ఒకే మూటలో బతుకుతుంది. బయటి పరికరాలకు అలవాటుపడ్డవాడికి మొదట ఏదీ చేతికి చిక్కదు. పైగా 1990లలో స్మాల్‌టాక్ కొనాలంటే ఖరీదు ఎక్కువ, జావా ఉచితంగా దొరికింది. జనం అటు పోయారంటే ఆశ్చర్యం లేదు. 1996లో వచ్చిన స్క్వీక్, దాన్నుంచి 2008లో విడివడిన ఫారో ఇప్పుడు ఉచితమే.

కాబట్టి ఆ కుర్రవాడు నేర్చుకోనీ. మిల్లుకు రాసి ఇవ్వాలంటే మాత్రం ముందు ఒక మనిషికి నేర్పాలి. ఆ మనిషి రోజూ కాటా దగ్గర కూర్చునే గుమాస్తా అయి ఉండాలి. బెంగళూరులో ఉన్న స్నేహితుడు లెక్కలోకి రాడు.